గంగు పోయిన నాగ్‌పూర్ తొవ్వ

నవంబర్ 23, ఆదివారం

మొత్తానికి ఖాయమైంది. క్రిస్మస్ సెలవుల్లో నాగ్‌పూర్, అదీ కారులో. రైలు వద్దే వద్దని మా అమ్మాయి స్ఫూర్తి పట్టు. డిగ్రీలో హిస్టరీ తీసుకుంది కదా... కాశీ నుంచి కన్యాకుమారి దాకా వేసిన పాత ఏడో నంబర్ రోడ్డు మన ఆర్మూర్ మీదుగానే పోతుందట. దాని మీద పోయి, నాగ్‌పూర్‌లో సున్నా మైలు రాయిని చేత్తో ముట్టుకోవాలట. మా ఆయన రమేశ్ ఫోన్లో మ్యాపు తీశాడు. "ఇప్పుడది నలభై నాలుగు గదనే బిడ్డా. సాఫ్‌గ పోవచ్చు, పొద్దు గూకకముందే పడతం."

నాకు కుట్టు మిషన్ మీంచి లేస్తే చాలు.

నవంబర్ 25

బోధన్‌కు ఫోన్ చేశాను, అవ్వకు, అదే మా అమ్మకు. చెరుకు ఫ్యాక్టరీ మూతపడ్డాక అన్న అక్కడే కిరాణా పెట్టుకున్నాడు, అవ్వ వాళ్ల దగ్గరే. నన్ను కన్నప్పటి నుంచీ బీడీలు చుడుతూనే ఉంది. వస్తావా అంటే నడుం నొప్పి అంటుందనుకున్నా.

"ఏ తొవ్వ?"

నాగ్‌పూర్ తొవ్వ అన్నాను. చేట కింద పెట్టిన చప్పుడు.

"వస్త. గని పాత తొవ్వలనే పోవాలె."

నిర్మల్ దాటి ఎన్నడూ పోని మనిషి. పాత తొవ్వ, కొత్త తొవ్వ ఈమెకెలా తెలుసు?

నవంబర్ 30, ఆదివారం

అవ్వ వచ్చింది. స్ఫూర్తి చార్టు మీద రోడ్డు గీసి నేల మీద పరిచింది. బాల్కొండ, సోన్ వంతెన, నిర్మల్, ఘాట్, ఆదిలాబాద్. అవ్వకు చదువు రాదు. వేలు పెట్టి ఒక్కొక్కటే అడుగుతోంది.

"గీ నీలిగీత ఏందే?"

"పెన్‌గంగ, అమ్మమ్మా. అది దాటితే మహారాష్ట్ర."

"దాటినంక?"

"పాండర్‌కవడా. ఊర్లకు పోం, బైపాస్ ఉంది."

"బైపాస్ ఎందుకు? ఊర్లకెల్లే పోదం."

రమేశ్ నవ్వాడు. "ఆ ఊర్ల ఏమున్నదత్తమ్మా?"

"పిండి గిర్ని ఉంటది," అంది అవ్వ. నవ్వలేదు.

డిసెంబర్ 2

ఏ గిర్ని? పిండిమర కోసం అంత దూరమా? పొద్దంతా అదే ఆలోచన. ఎవరిదో జాకెట్టుకు చేతులు తిరగేసి కుట్టాను, మళ్లీ విప్పాను.

డిసెంబర్ 4

చెప్పింది. చిక్కుడుకాయలు వొలుస్తూ, నా ముఖం చూడకుండా.

అవ్వకొక చెల్లెలుంది. గంగామణి. గంగు. నాకొక చిన్నమ్మ ఉందన్న సంగతి తల నెరిశాక తెలుస్తోంది!

అమ్మమ్మగారి ఊరు బాల్కొండ దగ్గర, రోడ్డు పక్కనే. నాగ్‌పూర్ నుంచి కమలాపండ్లు, అవే సంత్రలు, తెచ్చే లారీలు చాయ్‌కి ఆగేవట. అందులో ఒకటి నడిపే మరాఠీ మనిషి, విఠల్. అప్పటికి అవ్వకు పెళ్లయింది, నేను కడుపులో. ఒకనాడు పొద్దున్నే గంగు ఆ లారీ ఎక్కి వెళ్లిపోయింది. ఆ పేరు ఇంట్లో ఎవరూ ఎత్తొద్దన్నాడు తాత. ఎవరూ ఎత్తలేదు.

"మరి గిర్ని?"

"ఓసారి ఒక డ్రైవర్ సంచెడు సంత్రలు తెచ్చిండు. గంగు పంపిందని, పాండర్‌కవడల రోడ్డు మీదనే గిర్ని పెట్టుకున్నరని చెప్పిండు. మా బాపు గా సంత్రలన్ని తీస్కపోయి బర్ల ముందట పోసిండు."

"నువ్వేం జేసినవ్?"

"ఒకటి కొంగుల దాసుకున్న. తొక్క దొరుకుతదని తొక్కతోటే తిన్న."

డిసెంబర్ 5

రమేశ్ అడిగాడు. "ఇన్నేండ్లయినంక పోతే... తలుపు తియ్యకపోతే?"

అడగాల్సిన మాటే.

"తియ్యకపోతే గిర్ని చూసొస్త," అంది అవ్వ.

డిసెంబర్ 8

మార్కెట్లో సంత్రలమ్మే పుండలీక్ అటువైపు వాడే. ఆడవాళ్లతో బేరం మరాఠీలో మొదలుపెట్టి తెలుగులో ముగిస్తాడు. అడిగాను. పాండర్‌కవడాలో పిండి గిర్ని, విఠల్ అనే మనిషి, తెలుగు భార్య.

"మా సడ్డకుడు, మా ఆమె చెల్లె మొగడు, ఆడనే ఉంటడక్కా. పూచ్‌కే, అడిగి చెప్త."

డిసెంబర్ 12

ఏమీ తెలియలేదు. అవ్వ రోజూ "సంత్రలాయన కనవడ్డడా" అంటోంది. ఇంట్లో సంత్రలు మిగిలిపోతున్నాయి.

డిసెంబర్ 15

ఉంది! గిర్ని ఉంది. విఠల్ లేడు, పోయాడట. ఆమె ఉంది. కొడుకు గిర్ని నడుపుతున్నాడు. ఆ వాడలో అందరూ ఆమెను తెలంగీ మౌసీ, అంటే తెలుగు పిన్ని, అంటారట. ఆ కొడుకు ఫోన్ నంబర్ పుండలీక్ ఇచ్చాడు.

నాకొక తమ్ముడు కూడా అన్నమాట.

డిసెంబర్ 17

ఫోన్ చేశాం. స్పీకర్ పెట్టాను. మొదట గిర్ని మోత... ఆగిపోయింది. ఎవరో ఆపారు.

"కోణ్?" ఎవరని మరాఠీలో, ఆడగొంతు.

అవ్వను మోచేత్తో పొడిచాను.

"గంగూ... నేనే."

అటునుంచి మరాఠీలో గబగబా ఏదో.

"మన మాట మర్సినవా?" అంది అవ్వ.

అప్పుడు వచ్చింది తెలుగు. తడుముకుంటూ, ఒక్కొక్క మాట వెతికి తెచ్చుకుంటున్నట్టు. "అక్కా... బాపు పంపిండా?"

ముగ్గురం అవ్వ వైపు చూశాం. తాత పోయి ఎన్నేళ్లయింది! దినాలకు నేనే ఊరికి పోయి వచ్చాను.

"పంపిండు," అంది అవ్వ.

అవతల ఏడుపు. ఆ తర్వాత ఆగకుండా బాపు గురించే ప్రశ్నలు. నమల పండ్లున్నయా, కండ్లు కనవడుతున్నయా, చెవులు ఇనవడతయా. అన్నింటికీ అవ్వ ఆఁ, ఆఁ అంటూనే ఉంది. క్రిస్మస్‌కు కారులో వస్తున్నామని నేనే చెప్పాను. చివరికి ఆమె అంది, "అంత దూరం బాపు కూసోలేడు. నేనే మీ బండ్లె వస్త. బాపును చూసి పోత."

డిసెంబర్ 18

ఇంట్లో గొడవ. రమేశ్ ఎప్పుడూ అత్తమ్మకు ఎదురు చెప్పడు. ఇవాళ చెప్పాడు. "గిది తప్పత్తమ్మా." స్ఫూర్తి: ఇప్పుడే ఫోన్ చేసి నిజం చెప్పేద్దాం. నేను ఫోన్ తీశాను. అవ్వ నా చేతిలోంచి లాక్కుంది.

"సచ్చిండన్న మాట ఫోన్ల చెప్తరా? ఎదురుంగ కూసోవెట్టుకోని చెప్త. ఏడిస్తే పట్టుకునేటందుకు ఒకలుండాలె గద."

"మరి పంపిండని ఎందుకన్నవే?"

"అదేమో గట్ల అడిగె... లేదని ఎట్లంటనే?"

తాత చివరి రోజుల్లో చిన్నమ్మ మాట ఎత్తాడా, అడిగాను. అవ్వ చాలాసేపు చీర అంచు మడతపెట్టింది.

"పేరైతే ఎత్తలే. మంచంల ఉండి, లారీ చప్పుడైనప్పుడల్లా తొవ్వ దిక్కు తల తిప్పేటోడు. గంతే. గది పంపినట్టా, కాదా... నువ్వే చెప్పు."

ఫోన్ అవ్వ దగ్గరే వదిలేశాను.

డిసెంబర్ 22

కారు టైర్లు మెకానిక్‌కు చూపించాడు రమేశ్. దారిలో చూద్దామనుకున్న జలపాతం కూడా వద్దు, తిన్నగా పోదాం అంది స్ఫూర్తి. సున్నా మైలు రాయి సంగతి దాని నోట్లోంచి రావడమే లేదు. అమ్మమ్మ దగ్గర కూర్చుని, గంగు నవ్వితే ఎలా ఉండేది, పాటలు పాడేదా, అన్నీ అడుగుతోంది. నేనూ కుడుతూ చెవి అటే పెట్టాను.

అవ్వ చీర కొనమంది చెల్లెలికి. ఏ రంగు? "అప్పుడైతే పచ్చ ఇష్టం." ఇప్పుడు? విధవరాలు కట్టుకుంటుందో లేదో. పచ్చదే కొన్నాను.

డిసెంబర్ 25

పొద్దున్నే మాక్లూర్ దాటాం. బాల్కొండ దాటాక ఒకచోట అవ్వ కారు ఆపమంది. అప్పట్లో లారీలు ఆగిన చాయ్ హోటల్ చోట మొబైల్ దుకాణం. దిగలేదు. అద్దం దించి చూసి, "పోనీయ్" అంది.

సోన్ దగ్గర పాత వంతెన. నిర్మల్ తర్వాత పాత ఘాట్ రోడ్డే పట్టాం. కోతులు, టేకు చెట్లు, మలుపు మీద మలుపు. "గింత అడివిలకెల్లి పోయిందా అది!" అంది అవ్వ. భయమో, మెచ్చుకోలో.

ఆదిలాబాద్ దాటి చాయ్‌కి ఆగాం. కారు బానెట్ మీద పెట్టుకుని రాస్తున్నా. ఇప్పుడే ఫోన్ వచ్చింది, గంగు చిన్నమ్మ కొడుకు. హిందీలో. అమ్మ పొద్దుట్నుంచీ గిర్ని ముందు కుర్చీ వేసుకుని రోడ్డుకేసి చూస్తోందట. బట్టల సంచి సర్దుకుందట. తాత నమలలేడని పల్చగా అంబలి కాచి డబ్బాలో పోసిందట. తిరిగి పోయేటప్పుడు మీ కారులో తనకు చోటుంటుందా అని అడగమంటోందట.

అవ్వకు చెప్పాను. చాయ్ గ్లాసు అలాగే పట్టుకుంది.

"ఉన్నదని చెప్పు."

చెప్పాను. అతను థ్యాంక్స్ దీదీ అన్నాడు.

రమేశ్ బండి స్టార్ట్ చేశాడు. స్ఫూర్తి వెనక తలుపు తీసి పట్టుకుని నిలబడింది. అవ్వ ఇంకా ఎక్కలేదు.