కోల్డ్ రూమ్ గడియ

ఐస్ ఫ్యాక్టరీవారి రెండో సంతానమైన నేను, ఆసుపత్రి మంచం మీద ఉన్నా పూర్తి స్పృహతో, ఎవరి ఒత్తిడీ ప్రేరేపణా లేకుండా రాయిస్తున్న మరణశాసనం ఇది. నాకు మతి సరిగా లేదని మా ఇంట్లో చిన్నప్పటి నుంచీ చెప్పుకుంటున్నారు కాబట్టి డాక్టరు సర్టిఫికెట్ జతపరిచాను. దీని అమలు బాధ్యత మా పక్కింటి లెక్కల టీచరుగారిది.

1. నాన్న చనిపోతూ నా పేర రాసిన ఐస్ ఫ్యాక్టరీ. నాకే ఎందుకు రాశాడో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. అది నా తదనంతరం సర్వహక్కులతో మా అన్నయ్య కూతురికి, అంటే నా మేనకోడలికి చెందాలి. నడుపుకుంటుందో అమ్ముకుంటుందో దాని ఇష్టం. కోల్డ్ రూమ్ మాత్రం పడగొట్టించాలి.

కారణం: మా చెల్లి చనిపోయింది అందులోనే. చాటుగా సిగరెట్లు కాలుస్తున్నాడని నాన్నతో చెబుతానన్నందుకు, అన్నయ్య దాన్ని లోపలికి తోసి, గడియ పెట్టి, సినిమాకు వెళ్లిపోయాడు. గడియ నాకు అందలేదు. ఇంటికి పరుగెత్తాను. "ఆడుకుంటున్నార్లే, పో" అంది అమ్మ. తర్వాత అడిగినవాళ్లందరికీ నాన్న చెప్పింది ఒకటే మాట: "తలుపు బిగుసుకుపోయింది." కాదన్న నేను పిచ్చిదాన్నయ్యాను.

2. అమ్మకు, బతికున్నంతకాలం, ఎండ తగిలే ముందుగది. నన్ను జోకొట్టి నిద్రపుచ్చిన చెయ్యే, వచ్చినవాళ్ల ముందు నా నోరు మూసింది. రెండూ మరిచిపోలేదమ్మా.

3. మా కంప్రెసర్ మెకానిక్‌కు నా స్కూటరు. ఫ్యాక్టరీని తన పేరకు మార్చే కాగితాల మీద నాచేత సంతకం పెట్టించనన్నందుకు, కిందటి నెల అన్నయ్య కన్నకూతుర్నే అదే కోల్డ్ రూమ్‌లోకి తోసి గడియ పెట్టాడు. చప్పుడు విని వచ్చి గడియ లాగింది ఈ మనిషే. బయట నిలబడి ఉన్న అన్నయ్య, "తలుపు బిగుసుకుపోయిందిరా" అన్నాడట. ఆ సాయంత్రం పిల్ల నా మంచం దగ్గరికొచ్చి, "అత్తా, నువ్వైనా నమ్ముతావా?" అని అడిగింది.

4. చెల్లీ నేనూ వంతులేసుకుని తొడుక్కున్న గళ్ల గౌను నా బీరువాలో ఉంది. అది నాతోపాటే పంపించండి.

5. అన్నయ్యకు ఏమీ లేదు. వరండాలో కూర్చుని, తన కాగితాల మీద సంతకమైందా అని నర్సును అడుగుతున్నాడు. నా వాంగ్మూలం తీసుకున్న పోలీసులు కింద ఉన్నారు. ఇక చెప్పాల్సింది నా మేనకోడలు. అది చెప్పేటప్పుడు ఎవరూ అడ్డుపడొద్దు. ఏడుపొచ్చి ఆగిపోతే, మళ్లీ మొదలుపెట్టేదాకా నోరు మెదపకుండా కూర్చోండి.

తేదీ: మార్చి 9, సోమవారం

(సంతకం) ఐస్ ఫ్యాక్టరీ పెద్దమ్మాయి

సాక్షులు:
1. నాకు వైద్యం చేస్తున్న డాక్టరు
2. వార్డు నర్సు