చూస్తే పట్టే

అన్నా,

ఈరోజు ఉదయం పదకొండు గంటలకు నీ కూతురు శోభ ఇటాలియన్ మౌఖిక పరీక్ష పాసైంది. గద్వాల మగ్గాలు చూడటానికి వచ్చే ఇటలీ వాళ్లకు మన పని వివరించే ఉద్యోగం ఆమెకు ఖాయమైంది.

ఇదే పరీక్ష ఇంతకుముందు ఒకసారి తప్పింది. ఇంగ్లీషు వచ్చు గనక, దానిలా కనిపించిన ప్రతి ఇటాలియన్ మాటనూ నమ్మేసేది. మన బట్టను 'ఫాబ్రికా' అనేది. ఆ భాషలో ఆ మాటకు ఫ్యాక్టరీ అని అర్థం. చల్లగా ఉందని చెప్పబోయి, ఇంగ్లీషు 'కోల్డ్'లా ఉందని 'కాల్దో' అనేది. అది వేడి.

ఈసారి నీ పద్ధతి పట్టింది. కొత్త పట్టు వస్తే నువ్వు ఒక పోగు తెంపి అగ్గిపుల్లతో అంటించేవాడివి. వెంట్రుక కాలిన వాసన వచ్చి, అసలు పట్టేనని తేలాకే మగ్గం ఎక్కించేవాడివి.

"ఇంగ్లీషు లెక్క కనబడితే చాలు, నాయిన యాదికొస్తుండె చిన్నాయనా. అర్థం చూసినంకనే నోట్లకు తెచ్చిన," అంది శోభ.

"పుస్తకానికి గిట్ల అగ్గి పెట్టినవా ఏందే?" అని వదిన నవ్వింది. నువ్వు పోయాక ఆమె నవ్వు వినడం నాకు ఇదే మొదటిసారి.

మీ నాన్న ఏం చేసేవారని పరీక్షలో అడిగారట. బట్ట నేసేవాడని సరైన మాటతోనే చెప్పింది.

శనివారం ఉదయం పదింటికి మొదటి బృందం వస్తుంది. వాళ్లను శోభ ముందుగా నీ మగ్గం దగ్గరికి తీసుకొస్తుంది. దాని మీద నీ చివరి చీర సగంలో ఉంది. మిగతా సగం వదిన నేస్తుంటే శోభ వాళ్లకు ఆ పని గురించి చెబుతుంది.