మసి పూయని అయిదు రోజులు

సోమవారం, ఉదయం 8.40
ఇందుమూలముగా ఈ ల్యాబులోని సీసాలకు, గరాటులకు, గోడ మీది బల్లికి తెలియజేయడమేమనగా: సీసాలు కడిగే నేను, వయసు నలభై తొమ్మిది, చదువు ఎనిమిదో తరగతి (అదీ కుంటుతూ), శుక్రవారం దాకా ఒక్క అబద్ధం ఆడను, ఒక్క కొంటె పని చేయను. శాసనం!

కారణం మా బొగ్గులపాప. పీహెచ్‌డీ పిల్ల. బొగ్గుసరుకుతో కంటికి ఆనని గొట్టాలు చేసి, వాటికి క్యాన్సర్ మందు అంటిస్తుంది. అయిదేళ్లుగా అదే పని. శుక్రవారం వైవాలో చూపించాల్సిన నల్లపొడి సీసా మీద నేను సరదాకి "కాటుక" అని చీటీ అంటించాను. ఊడ్చే ఆవిడ బుట్టలో పారేసింది! పాప తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

మంగళవారం, 10.15
నిజం చెప్పడం ఎంత తేలిక! గుమాస్తా తన కొత్త చొక్కా ఎలా ఉందన్నాడు. చెప్పాను. మాటలు బంద్.

11.30
ల్యాబు పెద్దమేడం తాను పెట్టిన టీ ఎలా ఉందన్నారు. చెప్పాను. టీ కూడా బంద్.

2.00
"ఆ మందేదో ఊరికే ఎక్కించెయ్యొచ్చుగా పాపా?"
"అది విషం బాబాయ్! దారిలో మంచి కణాల్నీ చంపుతుంది. అందుకే గొట్టానికి అడ్రసు కట్టి పంపుతాం. జబ్బు ఉన్నచోటే దిగాలి."
"అంటే పోస్ట్‌మాన్."
"ఆఁ. దారిలో కబుర్లు చెప్పని పోస్ట్‌మాన్. నీలా కాదు."

బుధవారం, 11.05
గుమాస్తా కుర్చీ మీద "రంగు తడి" చీటీ. గంటన్నర నిలబడే రాశాడు! అయినా అబద్ధమాడింది చీటీ. నేను నోరు విప్పానా?

4.00
కొత్త పొడి తయారు. ఈసారి చీటీ పాపే రాసింది: "బాబాయ్ ముట్టరాదు." గుచ్చుకుంది.

గురువారం, 2.20
పరీక్షించడానికి బయటి నుంచి వచ్చేవాడు మహా కోపిష్టట. పోయినసారి ఇద్దర్ని వెనక్కి పంపాడట. పాప కడిగిన సీసాల్నే మళ్లీ నాకు కడగమని ఇస్తోంది. ఇంకో గడువు లేదని మేడం తేల్చేశారు.

శుక్రవారం, 9.30
పాప మెట్ల మీద కూలబడింది. లేవదు. "నా వల్ల కాదు బాబాయ్, ఇంటికెళ్లిపోతా."
పరిగెత్తుకెళ్లి చెప్పాను: "కోపిష్టి ఇందాక నడవలో కనబడ్డాడు. 'నాకు నిద్ర రానివ్వని థీసిస్ ఈ అమ్మాయిదొక్కటే' అన్నాడు!"
"ఒట్టు?"
"సోమవారం నుంచి అబద్ధాలు మానేశానమ్మా. బల్లి సాక్షి!"
లేచింది. కళ్లు తుడుచుకుంది. వెళ్లింది.

12.10
డాక్టరయింది!!
"అంత మెచ్చుకున్నాయన రెండు గంటలు గిన్నె తోమినట్టు తోమాడేంటి బాబాయ్?"
"ప్రేమ ఎక్కువైతే అంతే."
ఖాళీ అయిన నల్లపొడి సీసా నా చేతిలో పెట్టింది. కొత్త చీటీ: "బాబాయ్ కడగవచ్చు." కడిగాను. మూడుసార్లు.

శనివారం, ఉదయం 8.40
ఇందుమూలముగా సవరణ. సోమవారం నుంచి శాసనం మళ్లీ అమలు. ఈసారి గట్టిగా! చీటీలతో సహా!

బల్లికి మాత్రం ఒక మాట. నిద్ర, థీసిస్ అంతా నేను మసి పూసి చేసిన మారేడుకాయే. ఆ కోపిష్టి నడవలో నన్ను అడిగింది ఒక్కటే: "బాత్‌రూమ్ ఎటు?"

అడ్రసు మాత్రం నిజమే చెప్పాను.