అచ్చు అర చుట్టు విప్పాను

మోంటానా, సెప్టెంబరు 9

నాన్నా, మేం కులాసా, బెంగపడకు.

తూటాలు నింపే కొత్త మిషను బల్లకు బిగించాం. గుండు కూర్చేసరికి ఇత్తడి తొడుగుల మెడలు నలిగిపోయాయి. "ఆడచెయ్యి పడితే అంతే వదినా, వెళ్ళి రొట్టెలు కాల్చుకో" అన్నాడు మా మరిది ఓరిన్. మీట పూర్తిగా దించి చూశాను. గుండును తొడుగులోకి నొక్కే పై అచ్చు మరీ కిందికి బిగించి ఉంది. బిగించింది అతనే. అర చుట్టు విప్పి ఇరవై నింపాను, ఒక్కటీ నలగలేదు.

"ఇవి కాల్చేదెవరు?" అన్నాడు.

"నింపినదాన్నే" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

నాయనమ్మ రైఫిలు తమ్ముడికి ఇవ్వకు. దుప్పుల వేట మొదలయ్యేలోపు నాకు పంపు. అమ్మ మోకాలు తగ్గిందా? కాస్త వాపు ఉన్నా డాక్టరుకు చూపించు. రైఫిలు రాకపోతే బస్సెక్కి వచ్చి నేనే పట్టుకెళతాను.

అందరినీ అడిగానని చెప్పు.
నీ డెల్ఫా