నిద్ర మీద సర్వే

మంగళవారం, రాత్రి

కాళ్లు పీకేస్తున్నాయి. మా నర్సింగ్ విద్యార్థులతో సరూర్‌నగర్‌లో ఇల్లిల్లూ తిరిగి, ఆడవాళ్లకు నిద్ర సరిగ్గా పడుతోందా అని సర్వే చేశాం. ఒక ఇంట్లోకి వెళ్లి చూస్తే, ప్రశ్నలు అడగాల్సిన స్వప్న ఆ ఇంటి పెద్దామె మంచం మీదే నిద్రపోతోంది. నైట్ డ్యూటీ దిగి నేరుగా వచ్చిన పిల్ల. పరువు పోయిందనిపించి, లేపబోయాను. పెద్దామె నా చెయ్యి పట్టుకుంది.

"లేపకు మేడం. నిద్ర మంచిగ పడ్తదా అని నన్ను అడుగుకుంటనే ఒరిగింది. జర పండనియ్."

"మరి మీ జవాబులు రాసుకోవాలి కదమ్మా?"

"నువ్వు రాసుకో, చెప్త."

ఫ్యాన్ స్వప్న వైపు తిప్పింది. నేనే కూర్చుని రాసుకున్నాను.

ఈ రాత్రి కూడా స్వప్నకు డ్యూటీయే. వేసింది నేనే. పడుకుందామంటే నిద్ర పట్టడం లేదు.