ఎడమచేతి నురగ

సోమవారం, జూన్ 3

పూజ్యులైన బావగారికి,

మీ మరదలు నమస్కరించి రాస్తున్న సంగతులు. మీరూ అక్కయ్యా ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ మేము క్షేమం అని రాయడం మర్యాద. రాశాను, కొట్టేశాను, మళ్ళీ రాసి మళ్ళీ కొట్టేశాను. పైన మీకు కనిపిస్తున్న రెండు నల్లమరకలు అవే.

మీ తమ్ముడికి మార్చి చివర్లో పక్షవాతం వచ్చింది. దుకాణంలో కళ్ళద్దాలకు అద్దం అరగదీస్తూ అలాగే పక్కకు ఒరిగిపోయారట. పక్కబల్ల ఆయన నిద్రమత్తనుకుని భుజం మీద తట్టాడట. కుడిచెయ్యి, కుడివైపు చెంప పడిపోయాయి. ఇప్పుడు కర్ర పట్టుకుని గది దాటి వస్తున్నారు. మాట మాత్రం ఒక్కొక్కటే వెతుక్కుని పలుకుతారు. అప్పుడే మీకు రాయాల్సింది. మీ అన్నదమ్ములకు మాటల్లేక పదకొండేళ్ళయింది. మిమ్మల్ని నేను చూసింది రెండేసార్లు, మా పెళ్ళిలో ఒకసారి, మావయ్యగారు పోయినప్పుడు ఒకసారి. రెండుసార్లూ మీరిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా నాతోనే మాట్లాడారు. ఏ ముఖం పెట్టుకుని రాయను అనుకుంటూ రెండు నెలలు గడిపేశాను.

ఇప్పుడు రాయడానికి కారణం వింటే మీకు నవ్వొస్తుందేమో. నాకు గడ్డం గీసుకునే బ్రష్ ఒకటి కావాలి.

ఆయన ఇన్నాళ్ళూ కరెంటు మిషన్‌తో రెండు నిమిషాల్లో గీసుకునేవారు. ఇప్పుడు ఆ మిషన్ జారిన చెంపను పట్టి లాగుతోంది. ఆ వైపు స్పర్శ లేదు కాబట్టి ఆయనకు తెలియదు, చర్మం మాత్రం ఎర్రగా కందిపోతుంది. గీయకుండా వదిలేస్తే దురద. ఎడమచేత్తో గీకి గీకి పుండు చేసుకుంటున్నారు. మూలమీద సెలూన్ అతన్ని ఇంటికి పిలిస్తే గోడవైపు తిరిగి పడుకున్నారు. పాపం అతను పెట్టె మూసుకుని వెళ్ళిపోయాడు.

చేతికి కసరత్తు చేయించడానికి వచ్చే అమ్మాయి ఒక దారి చెప్పింది. మెత్తటి బ్రష్ కొనండి, సబ్బు నురగ ఆయన్నే ఎడమచేత్తో రుద్దుకోనివ్వండి, బ్లేడు పని మీరు చూసుకోండి అంది. బ్యాడ్జర్ అనే జంతువు వెంట్రుకలతో చేసినవైతే నీళ్ళు బాగా పట్టుకుంటాయట, మెత్తగా ఉంటాయట.

నేను గ్రంథాలయంలో పుస్తకాలు బైండు చేస్తుంటాను. జిగురు బ్రష్ గురించి అడిగితే గంటసేపు చెప్పగలను. మనిషి ముఖానికి వాడేది ఏనాడూ పట్టుకోలేదు. దుకాణం అద్దాల బీరువాలో పాతిక రకాలున్నాయి, అన్నీ ఒకేలా కనిపిస్తున్నాయి. మరీ ఖరీదైనది మా తాహతుకు మించింది. మీరు పదేళ్ళ వయసు నుంచి సెలూన్లో మావయ్యగారి పక్కన నిలబడి గడ్డాలు గీసినవారు. కొత్తగా నేర్చుకునేవాళ్ళకు, తక్కువలో, ఎలాంటిది తీసుకోవాలో రెండు ముక్కలు రాయండి.

ఈ ఉత్తరం సంగతి ఆయనకు తెలియదు. ఇది రాస్తూనే మూడుసార్లు లేచి ఆయన గదిలోకి తొంగిచూసి వచ్చాను. ఈమధ్య ఒకచోట కూర్చోలేకపోతున్నాను బావగారూ.

నమస్కారాలతో,
మీ మరదలు

* * *

మంగళవారం, జూన్ 11

పూజ్యులైన బావగారికి,

నమస్కారాలు. మీ ఉత్తరం అందింది. అందేలోపే నేను చేయాల్సిన తప్పు చేసేశాను.

మీ జవాబు వచ్చేదాకా ఆగుదామనే అనుకున్నాను. నాలుగు రోజులు కాలుగాలిన పిల్లిలా తిరిగాను. పొద్దున్నే ఆయన చెంప గీక్కుంటున్న చప్పుడుకే మెలకువ వచ్చేది. గ్రంథాలయంలో అట్ట కుట్టాల్సిన పుస్తకాన్ని తలకిందులుగా కుట్టి, విప్పి, మళ్ళీ కుట్టాను. అయిదో రోజు భోజనాల వేళ బజారుకు పరిగెత్తాను. బ్యాడ్జర్‌లో తక్కువది ఇవ్వమంటే కొట్టువాడు ఒకటి తీసి బల్లమీద పెట్టాడు. పిడి మీద బంగారు అక్షరాల్లో బ్యాడ్జర్ అని ఉంది. వెంట్రుకల మధ్యలో నల్లచార కూడా ఉంది. ఇంకేం చూడాలో తెలియక పొట్లం కట్టించుకున్నాను.

మర్నాడు పొద్దున వేడినీళ్ళు పెట్టి, మెడకు తువ్వాలు చుట్టి, బ్రష్ ఆయన ఎడమచేతికిచ్చాను. ఎంతో ఉత్సాహంగా రుద్దుకున్నారు. గిన్నెలో నురగ బూడిదరంగుకు తిరిగింది. బ్రష్ మీది చార కరిగి నీళ్ళలోకి వచ్చేసింది. గడ్డానికి పది పన్నెండు వెంట్రుకలు అంటుకున్నాయి, ఆయనవి కావు. స్పర్శ ఉన్న వైపు గుచ్చుకోగానే ఆపేశారు గానీ, స్పర్శ లేని వైపు నేను చూసేసరికే తోలు లేచిపోయింది. అద్దంలో చూసుకున్నారు. బ్రష్ గోడకేసి కొట్టారు. వెతుక్కుని వెతుక్కుని ఒక మాట అన్నారు.

“నన్ను... వదిలెయ్.”

రెండు నెలల తరవాత ఆయన నోట నేను విన్న మొదటి పూర్తి వాక్యం అది. ఆ సాయంత్రమే మీ ఉత్తరం వచ్చింది. వంటింట్లో నిలబడే చదివాను. రంగేసిన పందివెంట్రుకల బ్రష్‌లు బ్యాడ్జర్ పేరుతో అమ్ముతారు, జాగ్రత్త అని మొదటి పేరాలోనే రాశారు. ఒక్క రోజు! ఒక్క రోజు ఆగలేకపోయాను.

మీరు రాసినవన్నీ నాలుగుసార్లు చదివాను. కొనేముందు తడిపి చూడనివ్వమని అడగాలి, ఒప్పుకోకపోతే ఆ కొట్టు మెట్లు దిగిపోవాలి. మొనలను ముంజేతి లోపలివైపు గుండ్రంగా తిప్పి చూడాలి, గుచ్చితే వద్దు. మెల్లగా లాగితే ఒకటి రెండు ఊడటం సహజం, చేతినిండా వస్తే వద్దు. కొత్తవాళ్ళకు మరీ పెద్ద వెంట్రుకల గుత్తి అక్కర్లేదు, రెండు వేళ్ళ వెడల్పు చాలు, పెద్దదైతే నురగ ముక్కులోకీ చెవిలోకీ పోతుంది. ఇంతవరకు అర్థమైంది. రకాల దగ్గర తికమక పడ్డాను. అన్నింటికంటే చవకైన దాన్ని ప్యూర్ అంటారనీ, దానికి మించింది బెస్ట్ అనీ, తెల్లమొనల సిల్వర్‌టిప్ జోలికి మనం పోనవసరం లేదనీ రాశారు. మామూలుగా అయితే ప్యూర్ చాలునన్నారు, అది కాస్త గరుకైనా సబ్బును బాగా లేపుతుందన్నారు. మరి తోలు లేచిన చెంపకు కూడా అదేనా?

ఒక సంగతి దాచలేను. మీరు మూడు పేజీలు బ్రష్ గురించి రాసి, చివర్లో ఒక్క వరస రాశారు, వాడికి నొప్పిగా ఉందా అని. ఆ వరస దగ్గర చాలాసేపు ఆగిపోయాను. మీ గొడవ గురించి నాకు తెలిసింది ఆయన చెప్పిందే. ఊళ్ళో గడ్డాలన్నీ గీయడానికి నేను పుట్టలేదని మీ సెలూన్లో పదిమంది ఎదుట అని బయటికొచ్చేశానని చెప్పారు. అంత మాట ఎందుకన్నారని అడిగినప్పుడల్లా లేచి పనిలోకి వెళ్ళిపోయేవారు. ఆ మాట మీకెంత తగిలి ఉంటుందో ఊహించగలను.

నొప్పిగానే ఉంది బావగారూ. చెంపకు కాదు.

నమస్కారాలతో,
మీ మరదలు

* * *

సోమవారం, జూన్ 24

పూజ్యులైన బావగారికి, అక్కయ్యకు,

నమస్కారాలు. ఈసారి మరకలు లేకుండా రాస్తున్నాను.

మీ రెండో ఉత్తరం సంచిలో పెట్టుకుని పదిహేనో తేదీ శనివారం మళ్ళీ బజారుకు వెళ్ళాను. మొదటి రెండు కొట్లలో తడపనివ్వలేదు, మీరు చెప్పినట్టే మెట్లు దిగిపోయాను. మూడో దాంట్లో ఒక పెద్దావిడ ఉంది. నా కథంతా విని తనే గ్లాసుతో గోరువెచ్చని నీళ్ళు తెచ్చింది. ప్యూర్, బెస్ట్ రెండూ తడిపి, కళ్ళు మూసుకుని ముంజేతి మీద తిప్పుకున్నాను. ప్యూర్ దువ్వెనలా చురుక్కుమంది. బెస్ట్ పిల్లి ఒళ్ళు రాసుకున్నట్టుంది. పుండుపడ్డ చెంపకు బెస్ట్ తీసుకోమనీ, గుత్తి చిన్నదైతే ధర కూడా అందుబాటులోకి వస్తుందనీ మీరు రాసింది అక్షరాలా నిజం. సన్నపిడి అందంగా ఉంది గానీ, ఎడమచేతికి సబ్బునీళ్ళలో జారుతుందన్న మీ మాట గుర్తొచ్చి, నడుము సన్నగా కింద లావుగా ఉన్న పొట్టిది తీసుకున్నాను. చూడటానికి పొట్ట పెరిగిన పెద్దమనిషిలా ఉంది.

పది నిమిషాల పని కోసం అంతసేపు తిరిగానని గ్రంథాలయంలో పెద్దాయన గొణిగారు. గొణగనివ్వండి.

పుండు ఆరేదాకా ఆగాలి కదా. అయిదు రోజులు! రోజూ ఆయన నిద్రపోయాక బ్రష్ తడిపి, నా చేతిమీదే నురగ తీయడం నేర్చుకున్నాను. మొదటిరోజు కొంచెం జంతువు వాసన వచ్చింది, రెండుసార్లు సబ్బుతో కడిగితే పోయింది. వేడినీళ్ళు కాదు గోరువెచ్చనివే వాడాను. వెంట్రుకలు కిందికి వేలాడేటట్టు మేకుకు కట్టి ఆరబెట్టాను. అన్నీ మీరు చెప్పినట్టే. అయినా లోపల ఒకటే కంగారు. ఈసారి కూడా విసిరికొడితే ఇక ఏం చెయ్యను?

గురువారం పొద్దున నేనేం చెప్పకుండా గిన్నె, బ్రష్, తువ్వాలు ఆయన ముందు పెట్టి పక్కకెళ్ళి చీర మడతపెట్టినట్టు నటించాను. చాలాసేపు ముట్టుకోలేదు. తరవాత పట్టుకున్నారు. ముందు ఎడమచెంప మీద ఒక చుట్టు తిప్పి ఆగారు. మళ్ళీ తిప్పారు. నురగ తెల్లగా, ఒత్తుగా వచ్చింది. ముఖమంతా అడ్డదిడ్డంగా పూసేస్తున్నారని నేను ఉండబట్టలేక మీ ఉత్తరంలోని మాటే అనేశాను.

“పూయకండి. గడ్డాన్ని నిద్రలేపండి.”

ఆయన చెయ్యి ఆగిపోయింది. నురగలోంచి నా వైపు చూశారు.

“అన్నయ్య... రాశాడా?”

మావయ్యగారు మీ ఇద్దరికీ నేర్పిన మాటట అది. నాకెలా తెలుస్తుంది? ఇక దాచి లాభంలేదని మీ రెండు ఉత్తరాలూ తెచ్చి ఒళ్ళో పెట్టాను. కోపమొస్తుందనుకున్నాను. ముఖాన నురగ ఆరిపోతున్నా పట్టించుకోకుండా రెండూ చదివారు. కాగితం అంచులన్నీ తడిసిపోయాయి. మొదటి ఉత్తరం చివరి వరస దగ్గర ఆయన కూడా ఆగిపోయారు. కాసేపటికి బ్రష్ మళ్ళీ తడిపి, ఎండిన నురగ మీద కొత్త నురగ తిప్పుకుని, తల వెనక్కి వాల్చి కళ్ళు మూసుకున్నారు.

ఆ తరవాత నా వంతు. కత్తి మీద సాము అంటారు కదా, నాది సేఫ్టీ రేజరే అయినా నిజంగా అదే. మీరు చెప్పినట్టు ఎడమచేత్తో చర్మాన్ని కొంచెం బిగించి, వెంట్రుక వాలే వైపే, చిన్నచిన్న గీతలుగా లాగాను. ముప్పావుగంట పట్టింది. నా వీపంతా చెమట. ఆయన గడ్డంకింద ఒకచోట వదిలేశాను, పైపెదవి మీద ఒకవైపు ఎక్కువా ఒకవైపు తక్కువా అయ్యింది. రక్తం మాత్రం ఒక్క చుక్క రాలేదు. పూర్తయ్యాక అద్దం ఇస్తే అటూ ఇటూ తిప్పి చూసుకుని, వదిలేసిన చోట వేలితో చూపించి నవ్వారు. సగం ముఖమే నవ్వింది. నాకు ఆ సగం చాలు.

ఇప్పటికి నాలుగుసార్లయింది. నిన్న ఇరవై నిమిషాల్లో ముగించాను. చెంప మామూలు రంగులోకి వచ్చింది.

మీకో విషయం రాయాలి. శుక్రవారం నుంచీ ఆయన ఎడమచేత్తో ఏదో రాస్తూ చించేస్తున్నారు. ఏమిటని అడిగితే చెయ్యి అడ్డం పెట్టారు. నేనీ ఉత్తరం రాస్తున్నానని తెలిసి, అడుగున సగం పేజీ వదలమన్నారు. రాశాక నన్ను చదవకుండా మడిచి అంటించమన్నారు. అలాగే చేస్తానని మాటిచ్చాను. ఇది ముగించగానే ఈ కాగితం ఆయన దగ్గరికి తీసుకెళ్తాను. మంచి మాటే అయి ఉండాలని కోరుకుంటున్నాను.

ఇక ఉంటాను.

నమస్కారాలతో,
మీ మరదలు

తా.క.

అన్నయ్యా,

ఇది నా ఎడమచేతి రాత. వంకరగా ఉంటుంది. మూడు రోజులు పట్టింది.

ఆ రోజు మన సెలూన్లో హోటలు యజమాని దవడమీద గాటు పెట్టింది నేనే. నేను అద్దంలో వీధిని చూస్తున్నాను. ఆయన కళ్ళమీద వేడి తువ్వాలు ఉంది. నువ్వు వచ్చి నా చేతిలోంచి కత్తి లాక్కున్నావు. తువ్వాలు తీసేసరికి కత్తి నీ చేతిలో ఉంది. ఆయన నిన్ను కొట్టాడు. పదిమందిలో కొట్టాడు. నేను నోరు తెరవలేదు. నువ్వు ఒక్కసారి కూడా నన్నేమీ అనలేదు.

నీ ముఖం చూడలేక పోట్లాట పెట్టుకున్నాను. గడ్డాలు గీయడం తక్కువ పని అని నేనెప్పుడూ అనుకోలేదు. మా ఆవిడకు కూడా ఈ సంగతి చెప్పలేదు. నువ్వే చెప్పు.

ఆదివారం రా. అప్పటిదాకా గడ్డం గీయించుకోను.