పేరులేని మేస్త్రీ

ఎడాపెడా తిట్టినా ప్రేమించక తప్పని అన్నయ్యకి,

మేస్త్రీ పని ఇస్తామంటే వద్దన్నానని "బానిస బుద్ధి" అని రాశావు. ఒళ్లు మండిపోయింది. హోటళ్ల దుప్పట్లు ఉతికే ఈ షెడ్డులో నన్ను మిగతావాళ్ల పని చూసే మేస్త్రీని చేస్తానని మేనేజరు అన్నరోజు నేనూ ఎగిరి గంతేశాను. పిల్లల కార్డు మీద పాప ఉబ్బసం మందు ఉచితంగా ఇచ్చే సర్కారు ఆఫీసుకి ఆ మాట చెప్పడానికి వెళితే, కౌంటరులో ఆవిడ నవ్వింది. "శుభం అండీ! ఇక మీరు పేదవాళ్లు కారు."

"మరి పాప మందో?"

"అది పేదవాళ్లకండీ."

పెరిగే జీతమంతా పోసినా ఆ మందులో సగం రాదు. పరాయి దేశమొచ్చి కష్టపడితే పైకొస్తారని చెప్పే పెద్దమనుషులు ఈ ముక్క ఎందుకు చెప్పరు? పైకి రావడానికి బిడ్డ ఊపిరి తాకట్టు పెట్టాలా?

వద్దని చెబితే మేనేజరు ఆశ్చర్యపోలేదు. "పోనీలేమ్మా, పేరుదేముంది? పని మాత్రం చూసుకో" అన్నాడు. ఎంత మంచివాడో అనుకున్నాను! అప్పట్నుంచి ఉతికేదాని జీతానికే మేస్త్రీ చాకిరీ చేస్తున్నాను. నిన్న భోజనాల దగ్గర ఈ సంగతి చెబితే, దుప్పట్లు మడతపెట్టే పెద్దక్కకి నవ్వుతో పొలమారింది.

"నిన్నూ అడిగాడా పిచ్చిదానా! నీకు ముందు నన్నడిగాడు. మందుల కార్డున్న వాళ్లనే ఏరి అడుగుతాడు. పేరొద్దంటాం, పని చేస్తాం. వాడికి జీతం మిగులు."

కంచం పక్కకి నెట్టేశానన్నయ్యా. మన పేదరికాన్ని మనకన్నా బాగా చదివినవాడు మన ఎదురుగానే కూర్చున్నాడు.

ఇవాళ పొద్దున అందరి ముందూ మేనేజరుకి చెప్పేశాను. "నేను మేస్త్రీని కాదండీ. ఉతుకుతాను, అంతే."

"అయితే రేపట్నుంచి రాకు" అన్నాడు.

పెద్దక్క చేతులు తుడుచుకుంటూ లేచింది. "దాన్నెందుకు పంపుతారు సార్? నన్ను చెయ్యండి మేస్త్రీని. జీతంతో సహా. మావాడు పెద్దాడయ్యాడు, నా కార్డు పోయిన నెలే కొట్టేశారు. ఇక నాకు పోయేదేం లేదు."

అతను ఒప్పుకునేదాకా ఒక్కరమూ ఇస్త్రీపెట్టె ముట్టలేదు. సాయంత్రానికి ఒప్పుకున్నాడు. నా పనీ నిలిచింది.

గెలిచావని మాత్రం రాయకు. పాప ఊపిరి పీల్చాలంటే నేను ఇలా పేదగానే ఉండాలట. మేనేజరైతే ఎదురుగా దొరికాడు. ఈ రూలు రాసిపెట్టినవాళ్లు ఎక్కడ కూర్చుంటారో చెప్పు, అందరం కలిసి అక్కడికీ వస్తాం.

నీ మీద ఇంకా కోపంగానే ఉన్న
చెల్లెలు